జవాబు 5! అంటున్నాడు మా మేనల్లుడు. ఈ ! గొడవేంటి?

కాకరపువ్వొత్తి · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నిన్న సాయంత్రం నుంచి రగడ. మా చెల్లెలి కొడుకు, ఇంటర్ ఫస్టియర్ వెధవ, ఒక లెక్క పెట్టాడు:

230 − 220 × 0.5 = ఎంత? మీరు నమ్మరు గానీ జవాబు 5!

మా బావగారు బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఊరుకుంటారా? "ముందు గుణకారం చెయ్యాలిరా. 220లో సగం 110. 230లోంచి తీస్తే 120. నువ్వు ముందు తీసివేసి, తర్వాత గుణించి 5 అంటున్నావు. ఇదేనా కార్పొరేట్ కాలేజీలో చెప్పేది?" అని కడిగేశారు. వాడేమో తొణక్కుండా "నేనూ అదే అంటున్నా పెదనాన్నా, 120 అనే" అని నవ్వే బొమ్మ ఒకటి పడేశాడు. ఆయనకి ఒళ్లు మండి గ్రూపులోంచి వెళ్లిపోయారు. అక్క నాకు ఫోన్ చేసి ఒకటే శోకాలు, వాడు పెద్దాయన్ని వెక్కిరించాడని.

వాణ్ణి అడిగితే "5 పక్కన ఉన్నది చూడు మావయ్యా" అంటున్నాడు. చూశాను. ఆశ్చర్యార్థకం. అందులో ఏముంది? ఎవరైనా చెప్పండి, రేపు బావగారింటికి వెళ్లి సర్దిచెప్పాలి.

రిటైర్డ్ లెక్కలు · 9:31

మీ మేనల్లుడు వెక్కిరించలేదండీ, తప్పూ చెప్పలేదు. లెక్కల్లో 5! అంటే ఫాక్టోరియల్ అయిదు. 5 × 4 × 3 × 2 × 1 = 120. మీ బావగారి జవాబు, కుర్రాడి జవాబు ఒకటే. ఆ లెక్కని తయారుచేసినవాడు గడుసువాడు. తప్పుగా చేస్తే 5 వస్తుంది, సరిగ్గా చేస్తే 5! వస్తుంది.

మీ బావగారి తరానికి ఇది తెలియకపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. పాత పుస్తకాల్లో ఫాక్టోరియల్‌కి ఈ గుర్తు లేదు. అంకెకి ఎడమపక్క ఒక నిలువుగీత, కింద ఒక అడ్డగీత, గోడ మూలలో అంకెని కూర్చోబెట్టినట్టు రాసేవాళ్లం. నేను చదువుకున్నది అలాగే, మొదట్లో బోర్డు మీద చెప్పిందీ అలాగే. ! గుర్తు మాత్రం అంతకంటే పాతది. 1808లో క్రిస్టియన్ క్రాంప్ అనే ఆయన మొదలుపెట్టాడు, స్ట్రాస్‌బర్గ్ మనిషి. గీతల కంటే అచ్చులో పేర్చడం తేలిక కాబట్టి చివరికి ఇదే నిలబడింది.

దీని మీద విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. డిమోర్గాన్ సూత్రాలు అందరం బట్టీపట్టాం కదా, ఆ అగస్టస్ డిమోర్గాన్ 1842లో దీన్ని దుయ్యబట్టాడు. లెక్కల్లో 2, 3, 4 కనబడినందుకే అబ్బురపడిపోతున్నట్టుంది పేజీ అంతా, అని ఆయన ఫిర్యాదు. అన్నట్టు ఆయన పుట్టింది మన మదరాసు ప్రెసిడెన్సీలోనే, మధురైలో.

కాకరపువ్వొత్తి · 9:40

మాస్టారూ, చచ్చి బతికాను. అయితే ఈ గుర్తు ఒక్కోచోట ఒక్కో పని చేస్తుందన్నమాట. ఇంకెక్కడెక్కడ ఉందో చెప్పండి, రేపు బావగారి దగ్గర కాస్త తెలివిగా కనబడతాను.

నాట్ ఈక్వల్ · 9:52

మా దగ్గర ! అంటే "కాదు". సాఫ్ట్‌వేర్‌లో 9 ఏళ్ల నుంచి నా అన్నం అదే. != అంటే సమానం కాదు. ఏదైనా మాట ముందు ! పెడితే అర్థం తిరగబడుతుంది. పలకడం "బ్యాంగ్" అంటాం.

తమాషా ఏంటంటే వెబ్ పేజీలకి రంగులు, సైజులు చెప్పే సీఎస్ఎస్‌లో !ఇంపార్టెంట్ అని రాస్తాం. మామూలు ప్రోగ్రామర్ కంటికి అది "ముఖ్యం కాదు" అని కనబడుతుంది. అక్కడ దాని అర్థం "ఇదే ముఖ్యం, మిగతా రూల్స్ అన్నీ పక్కన పెట్టు" అని! జాయినైన కొత్తలో నేను అవన్నీ అనవసరం అనుకుని వరసగా పీకేశాను. పేజీ మొత్తం వీధిలో పడింది. టీమ్ లీడ్ ఏమీ అనలేదు, టీ తాగడానికి తీసుకెళ్లి చెప్పాడు. అది ఇంకా నొప్పి.

ఎక్సెల్ వాడేవాళ్లకి ఇంకోటి తెలుసు. వేరే షీట్లోంచి గడిని లాగేటప్పుడు షీటు పేరుకీ గడి పేరుకీ మధ్య ! వస్తుంది. అక్కడ కాదు లేదు, ఆశ్చర్యం లేదు. "యొక్క" అనుకోండి.

ఇక లినక్స్ టెర్మినల్లో !! కొడితే ఇందాక ఇచ్చిన కమాండ్ మళ్లీ నడుస్తుంది. దీనివల్ల నాకు ఒక రాత్రి కాళరాత్రి అయింది. డేటాబేస్ పాస్‌వర్డ్‌లో ! ఉంది, ఎవరో మహానుభావుడు పెట్టాడు. డబుల్ కోట్స్‌లో పెట్టి కమాండ్ కొడితే, ఆ ! చూసి పాత కమాండ్ ఏదో అడుగుతున్నాననుకుని "అలాంటి ఈవెంట్ లేదు" అని తిరగ్గొట్టింది. పాస్‌వర్డే తప్పనుకుని రెండుసార్లు మార్పించాను, అవతలివాడు మార్చిన ప్రతిసారీ చివర్న మళ్లీ ! పెడుతున్నాడు. తెల్లారి 3:40కి తెలిసింది, సింగిల్ కోట్ పెడితే పోయేదని.

మోడరేటర్ · 9:58

ఈ దారాన్ని "వాట్సాప్ పుకార్లు" నుంచి "భాష, లిపి" విభాగంలోకి మార్చాను. పాస్‌వర్డులు ఎవరూ ఇక్కడ రాయకండి, పాతవైనా సరే.

హన్మకొండ గుర్రం · 10:07

చెస్‌ల అయితే ! అంటే "మంచి ఎత్తు". !! అంటే "వారెవ్వా". ? అంటే తప్పు, ?? అంటే కొంప మునిగినట్టే. !? అంటే "కొత్తగుంది, చూద్దాం", ?! అంటే "డౌటే". గీ ఆఖరి రెంటికి తేడా చానామందికి తెల్వదు. ముందు ఏ గుర్తు ఉంటే మనసు అటు మొగ్గుతదన్నట్టు.

గివి ఆడేటోడు పెట్టుకునేటివి కాదు. ఆట అయినంక విశ్లేషణ రాసేటోళ్లు పెడ్తరు. 1956ల న్యూయార్క్‌ల ఫిషర్ 13 ఏండ్ల పోరడు, డొనాల్డ్ బర్న్ మీద ఆడుతుండు. 17వ ఎత్తుకు శకటును ఈ6 గడిల వెట్టి రాణినే ఇడిసిపెట్టిండు. ఏ పుస్తకం తెరిచినా గా ఎత్తు పక్కన !! ఉంటది.

ఇప్పుడు ఆప్‌లు వచ్చినంక మా అకాడమీల పోరగాండ్లకు గా నీలం !! పిచ్చి పట్టింది. గెలిచిండా ఓడిండా సోయి ఉండదు, "సార్, నాకు బ్రిలియంట్ వచ్చింది" అని ఉరుకొస్తరు. మొన్న ఒక పోరడు గట్లనే ఏనుగును బలి ఇచ్చిండు !! కోసం. ?? వచ్చింది. అర్జున్ ఇరిగేశి మా ఊరోడే గద, పోరలకు ఆయన గేములు చూపెడ్తా: సగానికి ఎక్కువ ఎత్తులకు ఏ గుర్తూ ఉండదు బిడ్డా, గెలుపు గండ్లనే ఉన్నది అని.

రిటైర్డ్ లెక్కలు · 10:15

రెండు బ్యాంగుల మాట వచ్చింది కాబట్టి. లెక్కల్లో 7!! అంటే ఫాక్టోరియల్‌కి ఫాక్టోరియల్ కాదు. ఒకటి విడిచి ఒకటి: 7 × 5 × 3 × 1 = 105. గుర్తు పెరిగింది, విలువ తగ్గింది, 7! అయితే 5040. గుర్తు ముందుకొస్తే మళ్లీ వేరు. !4 అంటే నాలుగు ఉత్తరాలని నాలుగు కవర్లలో, ఒక్కటి కూడా సరైన కవర్లో పడకుండా పెట్టే పద్ధతులు. అవి 9.

తాటాకు · 10:48

అందరూ "ఆశ్చర్యార్థకం" అంటున్నారు గానీ, తెలుగులో ఈ గుర్తు ఆశ్చర్యానికి వాడేది తక్కువ. గమనించారా?

మన ఇంట్లో ఉన్న ఏ శుభలేఖైనా తీయండి. పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, కింద "ఆర్యా!" అని ఉంటుంది. ఎవరు ఆశ్చర్యపోయారు? బళ్లో రాసిన సెలవుచీటీ "అయ్యా!" అని మొదలవుతుంది. సుమతీ శతకంలో పద్యం చివర "సుమతీ!" అని అచ్చువేస్తారు. అది పిలుపు. బడిలో సంబోధన ప్రథమా విభక్తి అని చదువుకున్నాం: ఓ, ఓరి, ఓయి, ఓసి. పిలుపు తర్వాత ఈ గుర్తు పెట్టడం అచ్చు వచ్చాక అలవాటైంది. తాటాకు మీద రాసిన కవికి ఈ గుర్తు తెలియదు. అవసరమూ లేదు. "సుమతి"ని "సుమతీ" అని సాగదీయడంలోనే పిలుపు వచ్చేసింది. అన్న, అన్నా. తమ్ముడు, తమ్ముడూ. చివరి అచ్చు నిడివిలోనే ఉంది మన గుర్తు.

ఆశ్చర్యానికి కూడా అంతే. అబ్బో, ఔరా, అమ్మో, బాబోయ్, వార్నీ, అరరె, హమ్మయ్య! వీటి పక్కన ఆ గీతా చుక్కా తీసేసి చదవండి, ఏమైనా తగ్గిందా? "ఎంత బాగుందో" అన్నప్పుడు ఆ చివరి "ఓ" చాలు. చేతిరాత ప్రతులు చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, విరామ చిహ్నాలు దాదాపు లేకుండానే వందల ఏళ్లు గడిపాం. ఒక నిలువుగీత, రెండు నిలువుగీతలు, అంతే.

నైట్ డెస్క్ · 11:20

తాటాకు గారూ, పిలుపు సరే. ఇంకో వాడకం మా పాపమే. తెలుగు పత్రికల హెడ్డింగుల్లో ! అంటే "అంటున్నారు, మాకు ఖరారు తెలియదు" అని. "త్వరలో మంత్రివర్గ విస్తరణ!" అని చూస్తారు కదా. ఎవరూ ఆశ్చర్యపోలేదు, రాసినవాడికి అసలు నమ్మకమే లేదు. ? పెడితే మరీ అనుమానంగా ఉంటుంది, ఏమీ పెట్టకపోతే రేపు ఖండన వేయాలి. మధ్యేమార్గం ఇది. ఇంగ్లిష్ పత్రికల వాళ్లు దీన్ని "స్క్రీమర్" అంటారు, కేక అని. మనది కేక కాదు, గుసగుస.

జిల్లా డెస్కులో చేరిన రెండో ఏడు. ఊరి పేరు వద్దు, పత్రిక పేరూ వద్దు. స్ట్రింగర్ పంపిన వార్త: ఫలానా వైపు నుంచి బైపాస్ పోవచ్చని అధికారులు అనుకుంటున్నారని. నేను "పొలాల మీదుగా బైపాస్!" అని పెట్టాను. పేజీ పెట్టే కుర్రాడికి సింగిల్ కాలమ్‌లో హెడ్డింగ్ పట్టలేదు. అక్షరం కోస్తే అర్థం పోతుందని, ఎందుకైనా మంచిదని ! తీసేశాడు. "పొలాల మీదుగా బైపాస్" అని పడింది. ఎనిమిది గంటలకల్లా ఆఫీసు మెట్ల మీద పన్నెండు మంది రైతులు, పాస్‌బుక్కులతో సహా. ఒకాయన చేతిలో మా పేపరు, ఆ హెడ్డింగ్ కింద బొటనవేలు. "ఎకరానికి ఎంతిస్తారో అది వెయ్యలేదేంటి బాబూ?" అన్నాడు. మా ఇన్‌ఛార్జి ఆ రోజు నుంచి నాకు పెట్టిన పేరు "ఆశ్చర్యార్థకం". బదిలీ అయ్యేదాకా పోలేదు.

ఇప్పుడు యూట్యూబ్ వాళ్లు మూడేసి పెడుతున్నారు. దాని గురించి నేను మాట్లాడను, బీపీ.

లోయర్ గ్రేడ్ · 11:34

మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పాత ఇంగ్లిష్ మిషన్ ఉండేది, దానికి ఈ మీటే లేదు. కొట్టాలంటే ముందు అపాస్ట్రఫీ, తర్వాత బ్యాక్‌స్పేస్, తర్వాత ఫుల్‌స్టాప్. పైన కొమ్మ, కింద చుక్క. మూడు దెబ్బలకి ఒక గుర్తు. అందుకే మా రోజుల్లో ఎవరూ ఊరికే ఆశ్చర్యపోయేవాళ్లం కాదు నాయనా.

గాబరోన్ అకౌంట్స్ · ఆదివారం ఉదయం 6:05

బోట్స్వానా నుంచి నమస్తే. ఇక్కడ ! ఒక హల్లు. నిజంగానే, అక్షరం.

కలహారి ఎడారి ప్రాంతంలో శాన్ ప్రజల భాషల్లో నాలుకతో చేసే క్లిక్ శబ్దాలు మాటల్లో భాగం. వాటిలో ఒకదాన్ని రాయడానికి ఈ గుర్తు వాడతారు. !కుంగ్ అని ఒక జనం పేరు మీరు ఎక్కడో చదివే ఉంటారు. ముందున్నది అచ్చుతప్పు కాదు. పలకడం మనకీ వచ్చు: చిన్నప్పుడు గుర్రం డెక్కల చప్పుడు చేసేవాళ్లం కదా, నాలుక కొన అంగిటికి గట్టిగా అంటించి "టక్" మని కిందికి లాగేయడం. అదే. "అయ్యో పాపం" అనే ముందు మనం పళ్ల దగ్గర "చ్చ్" అంటామే, అది ఇంకో రకం క్లిక్కు, దానికి ఒంటి నిలువుగీత. అంటే మన నోటికి ఈ శబ్దాలు కొత్తవి కావు, మాటలో కలపడమే చేతకాదు. మా ఆఫీసులో ఒకావిడ పేరులో ఈ శబ్దం ఉంది. ఆవిడ నేర్పించగా నేర్పించగా ఆర్నెల్లకి శబ్దం వచ్చింది, కానీ దాని వెంటనే అచ్చు పలకాలి, అక్కడ నేను ఒక సెకను ఆగుతాను. ఆ ఆగిన సెకనులో ఆవిడ నవ్వేస్తుంది.

పక్కనే దక్షిణాఫ్రికా 2000లో తీసుకున్న రాజముద్ర మీది నినాదం మొదటి అక్షరమే !. "భిన్నమైన ప్రజలారా, ఏకం కండి" అని అర్థం. ఆ మాటలు ఉన్న భాషని ఇప్పుడు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

నాట్ ఈక్వల్ గారికి ఒక ముక్క: యూనికోడ్‌లో ఈ అక్షరానికి వేరే కోడ్ ఉంది, చూడ్డానికి మాత్రం అచ్చం ఆశ్చర్యార్థకమే. ఆ తేడా తెలియని సాఫ్ట్‌వేర్ ఆవిడ పేరుని "చెల్లని గుర్తు" అని వెనక్కి కొడుతుంది. పేరోల్ చేసే ప్రతి నెలా నేను తిట్టుకునేది అందుకే.

నాట్ ఈక్వల్ · 6:41

అన్నా, ఆ "పేరులో అక్షరాలే ఉండాలి" అనే రూల్ మాలాంటివాళ్లే ఎక్కడో రాసి ఉంటాం. సారీ.

పరవాడ బి షిఫ్ట్ · 7:15

ఫార్మాలో పనండీ, విశాఖ దగ్గర. డ్రమ్ముల మీద ఎర్రంచు డైమండు, లోపల నల్లటి !. కొత్తగా వచ్చిన హెల్పర్లు దాన్ని "జాగ్రత్త" అని మొత్తానికి అన్వయించుకుంటారు. దానికి కచ్చితమైన అర్థం ఉంది: చర్మం మంట, కళ్ల మంట, మింగితే హాని, మత్తు లాంటివి. అంటే ప్రమాదాల్లో కాస్త కింది మెట్టు. పుర్రె, ఎముకల బొమ్మ పడాల్సిన డ్రమ్ము మీద ! పెట్టరు. పెద్దది ఉన్నప్పుడు చిన్నది ఎందుకని. నేను హెల్పర్లకి చెప్పేది: పుర్రె లేదు కదా అని చేతులు పెట్టకండి, గ్లవ్స్ వేసుకోండి.

కారులో కూడా చూడండి. గుండ్రంలో ! వెలిగితే బ్రేకు, హ్యాండ్‌బ్రేక్ దించినా పోకపోతే బండి ఆపేయాలి. అడుగున పళ్లున్న గిన్నెలాంటి బొమ్మలో ! వెలిగితే టైర్లో గాలి తగ్గింది. మా బావమరిది రెండోదాన్ని చూసి ఇంజన్ అనుకుని మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాడు, ఫ్లాట్ టైరు మీద!

డెవన్ దోసె · 8:02

ఇంగ్లండ్‌లో మా దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఊరుంది, పేరు వెస్ట్‌వర్డ్ హో!. ఆ గుర్తు ఊరి పేరులో భాగమే, బోర్డు మీద కూడా ఉంటుంది. కెనడాలో క్యూబెక్‌లో సాన్ లూయీ ద్యు హా! హా! అని ఉంది, దానికి రెండు. ఫోటో దిగడం తప్ప నాకు ఇంకేం తెలియదు.

తాటాకు · 8:30

రాత్రి పడుకున్నాక మాస్టారి లెక్క మళ్లీ గుర్తొచ్చింది. ఒక ప్రశ్న. సంధ్యావందనంలో ఆచమనం చేసేటప్పుడు కేశవ, నారాయణ, మాధవ అని నామాలు చెబుతాం. అవి 24. ఆ 24 మూర్తులకీ తేడా ఏంటంటే శంఖం, చక్రం, గద, పద్మం ఏ చేతిలో ఏది ఉంది అన్నదే అని మా తాతగారు చెప్పేవారు. 24 ఎక్కడినుంచి వచ్చిందో అడిగితే "అంతే" అనేవారు. మీ 4! ఎంత?

రిటైర్డ్ లెక్కలు · 8:44

24 అండీ! నాలుగు చేతులు, నాలుగు ఆయుధాలు. మొదటి చేతికి నాలుగు అవకాశాలు, రెండోదానికి మూడు, తర్వాత రెండు, చివరికి ఒకటి. మీ తాతగారి "అంతే"లో ఫాక్టోరియల్ ఉంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో ఇదే లెక్క ఇచ్చాడు, అంకపాశం అనే చివరి భాగంలో. హరికి నాలుగు చేతుల్లో గద, చక్రం, పద్మం, శంఖం మార్చి మార్చి పెడితే ఎన్ని రూపాలు? 24. దాంతోపాటే పది చేతుల శివుడు: పాశం, అంకుశం, పాము, డమరుకం, కపాలం, శూలం, ఖట్వాంగం, శక్తి, బాణం, విల్లు. ఎన్ని రూపాలు? 36,28,800. అంటే 10!. క్రాంప్ గుర్తు పెట్టడానికి ఆరున్నర శతాబ్దాల ముందు. ఏ మూర్తికి ఏ క్రమం అనేదాంట్లో గ్రంథాలకి గ్రంథాలకి తేడాలున్నాయి, మొత్తం మాత్రం 24 దాటదు.

నాట్ ఈక్వల్ · 8:51

మాస్టారూ, 10! సెకన్లు అంటే సరిగ్గా ఆరు వారాలు. ఒక్క సెకను అటూ ఇటూ లేదు. శివుడి ఒక్కో రూపాన్ని సెకనుకొకటి చొప్పున స్క్రీన్ మీద చూపిస్తే నెలన్నర పడుతుంది. చేసి పెట్టమంటారా?

తాటాకు · 8:55

కార్తీక మాసం ముగిసినా ఆ శివుడు పూర్తికాడన్నమాట. చేసిపెట్టు నాయనా.

కాకరపువ్వొత్తి · ఆదివారం మధ్యాహ్నం 2:20

వెళ్లొచ్చాను. మా బావగారు రోజూ సంధ్య వార్చే మనిషి. 5! అంటే వినలేదు, "మా కాలంలో లేవు ఇవన్నీ" అన్నారు. అప్పుడు కేశవ నామాలు ఎందుకు 24 అని అడిగాను. ఇత్తడి చెంబు పక్కన పెట్టి, పాత డైరీలో శం, చ, గ, ప అని పొడి అక్షరాలతో వరసలు రాయడం మొదలుపెట్టారు. పదిహేడోదాని దగ్గర ఒకటి రెండుసార్లు వచ్చిందని మళ్లీ మొదటికొచ్చారు. అక్క చారు రెండుసార్లు వేడిచేసింది. చివరికి 24 తేలాక కళ్లజోడు తీసి తుడుచుకుని, ఏమీ అనకుండా భోజనానికి లేచారు.

ఇప్పుడే గ్రూపులోకి మళ్లీ వచ్చారు. మా మేనల్లుడి మెసేజ్ కింద ఒక్క మాట పెట్టారు: "సరే!"

ఈ ! ఏ రంగానిదో పెద్దలు చెప్పాలి.

హన్మకొండ గుర్రం · 2:26

నేనైతే ?! పెట్టేటోణ్ణి.

నైట్ డెస్క్ · 2:31

మా లెక్క ప్రకారం అయితే ఇంకా ఖరారు కాలేదని.